హోల్డ్ అప్... ఆపేదీ, నిలిపేదీ!

చొప్పదండి నుంచి కరీంనగర్ కాలేజీకి వెళ్లే విద్యార్థి రాస్తారోకోలో ఇరుక్కున్నాడు. లెక్చరర్‌తో 'బస్ హెల్డప్ సర్' అంటే సరిపోదు. బస్సును ఎవరో ఆపారు కాబట్టి 'ద బస్ వజ్ హెల్డప్' అనాలి. ఆ చిన్న 'వజ్' ఎగిరిపోతే, బస్సు ఆగిందని కాదు, చెక్కుచెదరకుండా నిలిచిందని అర్థం వస్తుంది!

2011 సెప్టెంబరు 13న మొదలైన సకల జనుల సమ్మెనే తీసుకోండి. సింగరేణి కార్మికులూ అందులో చేరారు. 'ద స్ట్రైక్ హెల్డప్ కోల్ సప్లైస్' అంటే సమ్మెతో బొగ్గు సరఫరాకు ఆటంకం కలిగిందని. 'ద స్ట్రైక్ హెల్డప్' అని అక్కడితో ఆపితే సమ్మె సడలకుండా నిలిచిందని. అది 42 రోజులు సాగింది మరి!

పెళ్లి పందిరిని మోసే గుంజలకూ ఇదే మాట. 'పోల్స్ హోల్డ్ అప్ ద పందిరి' అనొచ్చు. వెనక వచ్చేది పందిరైతే మోయడం, పనో ప్రయాణమో అయితే ఆటంకం.

తుపాకీ చూపి దోచుకోవడాన్నీ హోల్డప్ అనే అంటారు. ఆఫీసుకు ఆలస్యమైనవారు 'దేర్ వజ్ ఎ హోల్డప్' అని ఊరుకుంటే బాస్ కంగారు పడొచ్చు. 'ఐ వజ్ హెల్డప్ ఇన్ ట్రాఫిక్' అంటే ఏ గొడవా లేదు.