నీటినుండి యింధనము

నీటిలోనికి విద్యుత్తును పంపి ఉదజనిని వేఱుచేయుట 1800లో నికల్సన్, కార్లైల్ గారలు చేసి చూపిన పనియే. చిక్కంతయు ఉత్ప్రేరకముల యొద్ద నున్నది. ఇరిడియము మేలైనదే గాని బంగారముకంటెను అరుదు. నికెలు, ఇనుము చౌక. క్షారజలమున చక్కగా పనిచేయును, ఉప్పునీట మాత్రము త్వరగా చెడును.

మా సీమకు ఎండ కొదువ లేదు. కర్నూలు ప్రాంతమున 1000 మెగావాట్ల సౌరవిద్యుత్ క్షేత్రమే కలదు. కాని కిలో ఉదజనికి తొమ్మిది లీటర్లకు తక్కువగాక శుద్ధజలము కావలెను. వేసవిలో బిందె నీటికై వేచియుండు తుమ్మలపల్లెవారికి, యురేనియపు గని ప్రక్కనే యున్నవారికి, ఈ లెక్క చిన్నదా? కావున 2025 జనవరి 8న శంకుస్థాపనమైన పూడిమడక కేంద్రము సముద్రతీరమున నుండుట మాకు సమ్మతము. సీమనుండి విద్యుత్తును గొనిపొండు, నీటిని గాదు. ఉప్పునీటికి తాళు ఉత్ప్రేరకము దొరకినచో శుద్ధిచేయు వ్యయమును తగ్గును. మా రసాయనశాలలో నికెలు తీగెలు రెండు కలవు; పై తరగతివారు వానితో నారంభింపవచ్చును.