మామిడికాయల గదిలో పురుడు

వేసవి వచ్చిందంటే మా చింతలపూడి వైపు చాలా ఇళ్ళల్లో ఒక గది మనుషులకు పనికిరాకుండా పోతుంది. వరిగడ్డి పరిచి, చిన్నరసాలో పెద్దరసాలో పేర్చి, పైన మళ్ళీ గడ్డి కప్పి తలుపు మూస్తారు. నూజివీడువాళ్ళకు ఈ సంగతి నేను చెప్పనక్కరలేదు. 2022లో జిల్లాలు మారి వాళ్ళూ మేమూ ఒకే ఏలూరు జిల్లా అయ్యాం గాని, మామిడిపండు విషయంలో ఎప్పుడూ ఒకటే.

తలుపు ఓరగా తీసి, వాసన చూసి, కాయ ఏపాటి మాగిందో చెప్పగల సమర్థురాలు మా అమ్మ. కిందటేడు అలా తలుపు తీసి, వెంటనే మూసేసి వచ్చి, "ఆ గదిలోకి ఎవరూ వెళ్ళకండి. పురుడొచ్చింది" అంది.

పురుడు ఎవరికయ్యా అంటే, నెలరోజులుగా మా పెరట్లో తచ్చాడుతున్న బూడిదరంగు పిల్లికి!

అది ఎవరి పిల్లీ కాదు. మా అమ్మాయి చాటుగా పెరుగన్నం పెట్టడం, మా ఆవిడ చూసీ చూడనట్టు ఊరుకోవడం జరుగుతూనే ఉంది. అమ్మ మాత్రం, పిల్లి ఎదురైతే కాసేపు కూర్చుని మంచినీళ్ళు తాగితే గాని గడప దాటని మనిషి. "అది గడప ఎక్కిన రోజున నేను తమ్ముడి దగ్గరికి పోతాను" అని నాకు నోటీసు కూడా ఇచ్చింది. అలాంటిది ఇప్పుడు, "పదకొండు రోజులు దాన్ని కదపడానికి వీల్లేదు" అని శాసించింది.

కదపకపోతే కాయ గతేమిటి? అందులో సగం హైదరాబాదులో ఉన్న మా చెల్లెలికి పంపవలసినవి. పైగా పిల్లిమీద నాకు సదభిప్రాయం లేదు. అది నా చదువు తప్పు. చిన్నయసూరి 1853లో ప్రకటించిన నీతిచంద్రికలో దీర్ఘకర్ణమనే పిల్లి, పక్షిపిల్లల్ని తిని, నెపం గుడ్డిగద్ద మీదికి తోసి చక్కాపోతుంది. తెనాలి రామకృష్ణుడి పిల్లి పాలు చూసి పారిపోయిందంటే ఆ గొప్పంతా రామకృష్ణుడిదే గాని పిల్లిది కాదు.

ఆ రాత్రి పిల్లి బయటికి పోయిన అదను చూసి, కళ్ళు తెరవని మూడు పిల్లల్నీ బుట్టలో పెట్టి, ఖాళీగా ఉన్న గొడ్లచావిట్లో దింపి వచ్చాను. గోనెపట్టా కూడా పరిచాను. అంతకన్న ఏంచేస్తాం అనుకున్నాను.

తెల్లవారుజామున పెద్ద అరుపు. లాంతరుకు బదులు ఇప్పుడు సెల్‌ఫోనుంది గదా, ఆ వెలుతురులో పరుగెత్తాను. గండుపిల్లి ఒకటి గోడ దూకి పోతున్నది. బుట్టలో రెండే ఉన్నాయి. మా పిల్లి ఒకదాన్ని మెడవెనక నోట కరుచుకుని, పెరడంతా దాటి, మళ్ళీ ఆ మామిడికాయల గదిలోకే చేర్చింది. రెండోదాన్నీ అలాగే చేర్చింది. మూడోసారి కూడా వచ్చింది. బుట్టలో మూతి పెట్టి చూసింది. బుట్టచుట్టూ తిరిగింది. గోనెపట్టా వాసన చూసి, వట్టి నోటితో వెళ్ళిపోయింది.

ఇరవై ఏళ్ళుగా తరగతిలో మార్జాల కిశోర న్యాయం చెబుతున్నాను. కోతిపిల్ల తల్లిని తానే కరుచుకుంటుంది. పిల్లిపిల్లను తల్లే పట్టుకుంటుంది. భగవంతుడు జీవుణ్ణి రక్షించే తీరుకు వడగలైవారు మొదటిదాన్నీ, తెంగలైవారు రెండోదాన్నీ ఉపమానం చెబుతారు. తల్లి పట్టుకోగానే కాళ్ళు ముడుచుకుని కదలక మెదలక వేలాడే పిల్లను కళ్ళారా చూడడం నాకదే మొదలు. చూసిన రోజునే ఒక పిల్లను పోగొట్టినవాణ్ణీ నేనే.

అమ్మ నన్ను తిట్టలేదు. అరుగుమీద కూర్చుని నెమ్మదిగా చెప్పింది: "నువ్వు పుట్టిన ఆరోరోజున మన తాటాకిల్లు అంటుకుందిరా. నిన్నెత్తుకుని మూడిళ్ళు మారాను. మొదటి రెండూ చుట్టాలవే. పురిటి మైలనీ, చోటు లేదనీ సాగనంపారు. మూడో ఇంటివాళ్ళు మనకేమీ కారు. వాళ్ళ ధాన్యం గది ఖాళీచేసి ఇచ్చారు."

నలభై ఏళ్ళు దాటిన నాకు ఈ సంగతి అప్పటిదాకా తెలియదు.

పదకొండు రోజులూ గది ముట్టుకోలేదు. పండు చాలావరకు కుళ్ళింది. చెల్లెలికి సంగతి చెబితే, "పిల్లలు ఎలా ఉన్నాయి?" అని అడిగింది.

"ఇన్నిళ్ళుండగా మనింటికే ఎందుకొచ్చింది నాన్నా?" అన్నది మా అమ్మాయి. గడ్డికి ఎలుక వచ్చింది, ఎలుకకోసం పిల్లి వచ్చిందన్నాను. సైప్రస్ ద్వీపంలో సుమారు 9,500 ఏళ్ళనాటి మనిషి సమాధి పక్కనే పిల్లి ఎముకలు దొరికాయని 2004లో ప్రకటించారు. మనిషి గింజలు దాచుకోవడం నేర్చిన కాలంనుంచీ పిల్లి ఈ దారినే వస్తున్నదన్నమాట.

పశువుల డాక్టరుగారు కొన్ని సంగతులు చెప్పారు. పెద్దపిల్లులు చాలావాటికి ఆవుపాలు అరగవు. ఎనిమిది వారాలు నిండేదాకా పిల్లల్ని తల్లినుంచి విడదీయరాదు. పిల్లి తొమ్మిది వారాలకే ఈనుతుంది. పాలిస్తూ ఉండగానే మళ్ళీ కట్టవచ్చు. కనక పిల్లలు పాలు మానగానే ఆపరేషన్ చేయించమన్నారు.

"నోరులేని దాని కడుపు కోయిస్తావా?" అంది అమ్మ.

"ఏడాదికి రెండు మూడు ఈతలమ్మా. ఈతకు మూడు నాలుగు పిల్లలు."

అమ్మ వేళ్ళు ముడిచి లెక్క చూసుకుంది. "నేను జన్మంతా కలిపి మూడే కన్నాను. చేయించు" అంది.

ఒక పిల్లను ఎలుకల బాధ పడలేని కొట్టు ఆయన తీసుకుపోయాడు. రెండోదీ, తల్లీ మాతోనే ఉన్నాయి. రెండింటికీ ఆపరేషన్ అయింది.

ఈ ఏడు మళ్ళీ కాయ వేశాం. ఒక మూల మాత్రం ఉత్త గడ్డి పరిచి, కాయ పెట్టనివ్వలేదు అమ్మ.

"దానికిక పురుళ్ళు లేవు గదమ్మా" అన్నాను.

"ఊళ్ళో అదొక్కటే పిల్లా ఏమిట్రా?" అంది.