ముసుగు వేసుకున్నవాడే మొత్తం బ్యాండా?

జెనెసిస్ అభిమానులు ఇద్దరు ఒకచోట కూర్చుంటే చాలు, అయిదో నిమిషానికి గొడవ మొదలవుతుంది. పాత గొడవే. 'పీటర్ గాబ్రియేల్ ఉన్నంతవరకే అది బ్యాండు, తర్వాత వచ్చిందంతా ఫిల్ కాలిన్స్ దుకాణం' అని ఒకరు. 'ఆయన వెళ్లాకే కదా జనానికి చేరింది' అని ఇంకొకరు. మూడోవాడు ఉంటే 'అసలు స్టీవ్ హ్యాకెట్ వెళ్లిన రోజే అయిపోయింది' అంటాడు. ఇది నలభై ఏళ్లు దాటిన వాదన. ఇప్పటికీ తేలలేదు.

ఉద్యోగాల పేజీలో ఈ బ్రిటిష్ రాక్ బ్యాండు గోల ఏమిటంటారా? ఒక్కసారి మీ ఫైనలియర్ ప్రాజెక్టు గుర్తు చేసుకోండి. టీమ్‌లో నలుగురు. ఒకరు కోడ్ రాశారు, ఒకరు డేటా పోగేశారు, ఒకరు రాత్రంతా కూర్చుని రిపోర్టు సరిచేశారు. నాలుగో మనిషి వైవాలో ముందు నిలబడి చక్కగా మాట్లాడారు. డిపార్ట్‌మెంట్లో ఆ ప్రాజెక్టు ఎవరి పేరుతో చలామణీ అవుతోంది? సరిగ్గా అదే లెక్క ఇక్కడ కూడా. కాకపోతే వీళ్ల ప్రాజెక్టు మొదటి ఆల్బమ్ నుంచి చివరి కచేరీ దాకా యాభై ఏళ్లు దాటి నడిచింది. పైగా ఎవరికి వారు విడిగా చేసిన పని కూడా రికార్డుల రూపంలో మన ముందే ఉంది. అంత సాక్ష్యం ఉన్న గ్రూప్ ప్రాజెక్టు మరొకటి దొరకడం కష్టం.

1967లో ఇంగ్లండ్‌లోని చార్టర్‌హౌస్ స్కూల్లో చదువుకునే కుర్రాళ్లు కలిసి మొదలుపెట్టారు. పాటకు గాబ్రియేల్, కీబోర్డుకు టోనీ బ్యాంక్స్, గిటార్లకు మైక్ రూథర్‌ఫర్డ్, ఆంథనీ ఫిలిప్స్. ఫిలిప్స్ 1970లో తప్పుకున్నాడు. ఆ తర్వాత చేరిన డ్రమ్మర్ కాలిన్స్, గిటారిస్టు హ్యాకెట్ ఇద్దరూ స్కూలు స్నేహితులు కారు, 'మెలొడీ మేకర్' పత్రికలో ప్రకటనల ద్వారా వచ్చినవాళ్లు. కాలిన్స్ ఆడిషన్ కథ మీకు పనికొస్తుంది. గాబ్రియేల్ వాళ్ల తల్లిదండ్రుల ఇంట్లో పరీక్ష. కాలిన్స్ కాస్త ముందే వెళ్లాడు. 'నీ వంతు వచ్చేదాకా స్విమ్మింగ్ పూల్‌లో ఈత కొట్టు' అన్నారు. ఆయన ఈత కొడుతూనే, లోపల మిగతా డ్రమ్మర్లు వాయిస్తున్నది చెవిన వేసుకున్నాడు. తన వంతు వచ్చేసరికి ఆ ముక్కలు దాదాపు నోటికి వచ్చేశాయి. వెయిటింగ్ హాల్లో ఫోన్ చూస్తూ కూర్చునేవాళ్లు గమనించాలి.

ఇక ముసుగు సంగతి. 1972లో డబ్లిన్ కచేరీలో గాబ్రియేల్ భార్య ఎర్ర గౌను వేసుకుని, నక్క తల తగిలించుకుని వేదిక ఎక్కాడు. పత్రికలన్నీ ఆ ఫొటో వేశాయి. అక్కడి నుంచి పువ్వు ముసుగు, ముసలాడి ముసుగు, ఒకటా రెండా. చూసేవాళ్లకు అతనే జెనెసిస్. వెనకాల బ్యాంక్స్, రూథర్‌ఫర్డ్, హ్యాకెట్ కుర్చీల్లో కూర్చుని వాయించుకునేవాళ్లు. ఆ రోజుల్లో దాదాపు అన్ని పాటలకూ రచన అంటే మొత్తం బ్యాండు పేరే వేసేవారు. ఎవరు ఏం రాశారో బయటివాడికి తెలిసే దారి లేదు. తెలియనప్పుడు మనం ఏం చేస్తాం? కనిపించిన మొహానికి రాసేస్తాం.

1974లో వచ్చిన 'ద లాంబ్ లైస్ డౌన్ ఆన్ బ్రాడ్‌వే' గాబ్రియేల్‌తో వాళ్ల చివరి ఆల్బమ్. ఆ పర్యటన అయిపోయాక ఆయన వెళ్లిపోయాడన్న వార్త 1975 ఆగస్టులో బయటికి వచ్చింది. పత్రికలు సంతాపం రాసినంత పని చేశాయి. మిగిలిన నలుగురు గాయకుడి కోసం వందల దరఖాస్తులు చూశారు, ఎందరినో పాడించి చూశారు. ఎవరూ కుదరలేదు. చివరికి వెనక డ్రమ్ముల దగ్గర ఉన్న కాలిన్సే పాడాడు. అదృష్టమా? కాదు. 1971లోనూ 1973లోనూ ఒక్కో చిన్న పాట ఆయన ప్రధాన గొంతుతో వచ్చింది, అన్ని ఆల్బమ్‌లలోనూ వెనక గొంతు ఆయనదే. అయిదేళ్ల రిహార్సల్ అయ్యాక వచ్చిన ఛాన్స్ అది. 1976లో వచ్చిన 'ఎ ట్రిక్ ఆఫ్ ద టెయిల్' బ్రిటన్ చార్టుల్లో మూడో స్థానానికి చేరింది. గాబ్రియేల్ కాలంలో వాళ్లు అందుకున్న అత్యుత్తమ స్థానం కూడా అదే. ఇంకో మార్పు కూడా జరిగింది. ఆ ఆల్బమ్ నుంచి ఏ పాట ఎవరు రాశారో పేర్లు విడివిడిగా వేయడం మొదలుపెట్టారు. చదివినవాళ్లకు అర్థమైంది, బ్యాంక్స్ పేరు లేని పాట లేదని.

మరి 'పాప్‌గా మార్చి పాడుచేసింది కాలిన్సే' అన్న ఆరోపణ? దీన్ని నేనూ చాలాకాలం నమ్మాను. పేర్లు చూస్తే నిలబడదు. వాళ్లకు అమెరికాలో మొదటిసారి పేరు తెచ్చిన ప్రేమపాట 'ఫాలో యూ ఫాలో మీ' 1978లో వచ్చింది. మాటలు రూథర్‌ఫర్డ్‌వి. కాలిన్స్ సొంతంగా హిట్ కొట్టడానికి మూడేళ్ల ముందు సంగతి ఇది. 1986 నాటి 'ఇన్‌విజిబుల్ టచ్' ఆల్బమ్‌లోంచి అయిదు పాటలు అమెరికా టాప్ 5లోకి వెళ్లాయి. అందులో 'లాండ్ ఆఫ్ కన్ఫ్యూజన్' మాటలు మళ్లీ రూథర్‌ఫర్డ్‌వే. అదే ఆల్బమ్‌లో పది నిమిషాలు దాటే 'డామినో' ఉంది, మాటలు బ్యాంక్స్‌వి. 1991లో రైల్వే సొరంగాలు తవ్విన కూలీల మీద చేసిన 'డ్రైవింగ్ ద లాస్ట్ స్పైక్' కూడా పది నిమిషాల పాటే. పొడవు పాటలు మానేశారనేవాళ్లు ఆల్బమ్ రెండో వైపు తిప్పి చూడలేదన్నమాట.

అలాగని తర్వాతి పని అంతా గొప్పదని నేననను. 1980 నాటి 'డ్యూక్' నాకు వాళ్ల మలికాలంలో అన్నిటికంటే ఇష్టం. దాని మధ్య నడిచే దాదాపు అరగంట కథను ముక్కలు చేసి ఆల్బమంతా చల్లేశారు. 1972 నాటి ఇరవై మూడు నిమిషాల 'సప్పర్స్ రెడీ'తో పోలుస్తారేమోనని భయం. ఆ భయమే లేకపోతే ఇంకెలా ఉండేదో! మరుసటి ఏడాది 'అబాకాబ్'లో కావాలనే పాత అలవాట్లన్నీ వదిలేశారు. నెదర్లాండ్స్ కచేరీలో సొంత అభిమానులే 'బూ' అన్నారు. అయినా వెనక్కి తగ్గలేదు. ఎనభైల మధ్యలో డ్రమ్ మెషీన్ మీద అంతగా ఆధారపడటం మాత్రం నాకు ఇప్పటికీ నచ్చదు. గదిలో అంత మంచి డ్రమ్మర్‌ను పెట్టుకుని!

ఈ వాదనలో ఎక్కువమంది దాటేసే సాక్ష్యం సోలో ఆల్బమ్‌లు. ఇంటర్వ్యూలో ప్యానెల్ అడుగుతుంది కదా, 'ప్రాజెక్టు బాగుంది, ఇందులో మీరు చేసిందేమిటి?' అని. సోలో ఆల్బమ్ అంటే ఆ ప్రశ్నకు జవాబే.

గాబ్రియేల్ జవాబు చూడండి. 1977 నుంచి 1982 దాకా నాలుగు ఆల్బమ్‌లు చేసి, నాలుగింటికీ 'పీటర్ గాబ్రియేల్' అనే పేరు పెట్టాడు. ముసుగులు తీసేశాడు. మూడోది, 1980లో వచ్చింది, అందులో దక్షిణాఫ్రికా పోలీసు కస్టడీలో చనిపోయిన స్టీవ్ బికో మీద పాట ఉంది. దాన్ని అమెరికాలో అట్లాంటిక్ కంపెనీ వద్దంది, మెర్క్యురీ విడుదల చేసింది. ఆ రికార్డులో కొన్ని పాటలకు డ్రమ్ములు వాయించింది ఎవరనుకున్నారు? కాలిన్స్! తాళాలు వాడొద్దని గాబ్రియేల్ షరతు పెట్టాడు. స్టూడియోలో ఇంజినీరు హ్యూ ప్యాడ్‌గమ్ చేతుల మీదుగా డ్రమ్ము మోత పెద్దగా లేచి, కత్తితో కోసినట్టు ఆగిపోయే కొత్త ధ్వని పుట్టింది. ఆ ధ్వనినే మరుసటి ఏడాది కాలిన్స్ తన మొదటి సోలో ఆల్బమ్ 'ఫేస్ వాల్యూ'లో 'ఇన్ ది ఎయిర్ టునైట్'కు వాడాడు. ఎనభైల పాటలన్నిటికీ అది అంటుకుంది. చెప్పండి, ఆ ధ్వని ఎవరిది? గాబ్రియేల్ వర్గానిదా, కాలిన్స్ వర్గానిదా? విడిపోయాక కూడా ఒకరి గదిలో ఇంకొకరు పనిచేసిన మనుషుల గురించి అభిమానులు గోడలు కట్టుకుని కొట్టుకుంటున్నారు.

ఇంకో సరదా సంగతి. 1986 జులైలో అమెరికా బిల్‌బోర్డ్ పట్టికలో జెనెసిస్ పాట 'ఇన్‌విజిబుల్ టచ్' నంబర్ వన్. వారం తిరిగేసరికి దాన్ని దించేసిన పాట 'స్లెడ్జ్‌హామర్'. పాడింది గాబ్రియేల్. అమ్ముడుపోయాడని ఒకరిని తిట్టి, ఇంకొకరిని నిప్పులాంటివాడని పొగడాలంటే ఆ నెల దగ్గర కాస్త ఇబ్బంది పడాలి.

హ్యాకెట్ జవాబు వేరు. బ్యాండులో తన పాటలకు చోటు చాలడం లేదని ఆయన బాధ. ప్రతి ఆల్బమ్‌లో తన వాటా ఉండాలన్నాడు, మిగతావాళ్లు ఒప్పుకోలేదు. 1977లో బయటికి నడిచాడు. బ్యాండు పక్కన పెట్టిన ఒక స్వరరచనే 1978లో ఆయన ఆల్బమ్‌కు పేరయింది, 'ప్లీజ్ డోంట్ టచ్'. ఉద్యోగం మారాలా వద్దా అని ఊగిసలాడే మీ సీనియర్లకు ఈయన కథ చెప్పండి. ఎందుకంటే ఆయన అలిగి వెళ్లలేదు. వెళ్లేముందే, 1975లో ఒక సోలో ఆల్బమ్ చేసి, తన పాటలు తన పేరు మీద నిలబడతాయో లేదో చూసుకున్నాడు. చాలా ఏళ్ల తర్వాత పాత జెనెసిస్ పాటలను ఊరూరా వాయిస్తూ వాటిని బతికించిందీ ఆయనే.

బ్యాంక్స్ పరిస్థితే విచిత్రం. బ్యాండు సంగీతంలో పెద్ద వాటా ఆయనది. సోలో ఆల్బమ్‌లు మాత్రం పెద్దగా ఆడలేదు. 2004లో ఆర్కెస్ట్రా కోసం 'సెవెన్' రాశాడు, అదీ కొద్దిమందికే తెలుసు. రూథర్‌ఫర్డ్ తెలివిగా 'మైక్ అండ్ ద మెకానిక్స్' అని ఇంకో బ్యాండు పెట్టుకున్నాడు, పాడే పని వేరేవాళ్లకు ఇచ్చాడు, 1989లో 'ద లివింగ్ ఇయర్స్' అమెరికాలో నంబర్ వన్ అయింది. కొందరికి ఒంటరిగా పని బాగా సాగుతుంది, కొందరికి నలుగురి మధ్యే సాగుతుంది. బ్యాంక్స్ సోలోలు ఆడలేదు కాబట్టి బ్యాండులో ఆయన చేసిందేమీ లేదనడం ఎంత తప్పో, మీ టీమ్‌లో మాటకారి కాని పిల్లవాడిని పక్కన పెట్టడమూ అంతే తప్పు. రిక్రూటర్లకు కూడా ఈ మాట చెప్పాలి. స్టేజి మీద మాట్లాడటం ఒక పని, పాట కట్టడం ఇంకో పని. ఇంటర్వ్యూలు చాలాసార్లు మొదటిదాన్నే కొలిచి రెండోదానికి జీతం ఇస్తాయి.

మన వైపు కూడా ఈ కథ ఒక చోట తగులుతుంది. గాబ్రియేల్ 1982లో 'వోమాడ్' అనే ప్రపంచ సంగీత ఉత్సవం మొదలుపెట్టి అప్పుల్లో కూరుకుపోయాడు. ఏ బ్యాండునైతే వదిలి వెళ్లాడో ఆ బ్యాండే అక్టోబరులో మిల్టన్ కీన్స్‌లో వర్షంలో ఆయనతో కలిసి ఒక్క కచేరీ చేసి ఆదుకుంది. ఆ ఉత్సవం బతికింది. 1989లో ఆయన స్థాపించిన రియల్ వరల్డ్ రికార్డుల సంస్థ నుస్రత్ ఫతే అలీ ఖాన్‌ను పాశ్చాత్య దేశాలకు వినిపించింది. 1995లో అదే సంస్థ నుంచి కెనడా గిటారిస్టు మైకేల్ బ్రూక్‌తో కలిసి 'డ్రీమ్' అనే ఆల్బమ్ చేసినవాడు మన పాలకొల్లు బిడ్డ, మాండొలిన్ యు. శ్రీనివాస్. గాబ్రియేల్ బ్యాండులోనే ఉండిపోయి ఉంటే ఈ తలుపులన్నీ తెరుచుకునేవో లేదో. ఆయన వెళ్లడం వల్ల జెనెసిస్ అభిమాని ఏం పోగొట్టుకున్నాడో లెక్కేసేటప్పుడు, ఈ వైపు పద్దు కూడా రాసుకోవాలి.

చివరి మాట కాలిన్స్ గురించి. 1985 జులై 13న, లైవ్ ఎయిడ్ రోజు, లండన్‌లో పాడి, కాంకార్డ్ విమానం ఎక్కి అదే రోజు ఫిలడెల్ఫియాలోనూ వాయించిన మనిషి. 1996లో జెనెసిస్ వదిలాడు. రే విల్సన్ గొంతుతో 1997లో వచ్చిన 'కాలింగ్ ఆల్ స్టేషన్స్' తర్వాత అమెరికా పర్యటనే రద్దయింది. 'కాలిన్స్ పాడుచేశాడు' అన్నవాళ్లకు, కాలిన్స్ లేని బ్యాండు ఎలా ఉంటుందో కూడా తెలిసొచ్చింది. తర్వాత వెన్నెముక, నరాల సమస్యతో ఆయన చేతుల్లో డ్రమ్ కర్ర నిలవలేదు. 2021లో చివరి పర్యటనకు వచ్చినప్పుడు కుర్చీలో కూర్చుని పాడాడు. వెనక డ్రమ్ముల దగ్గర కొడుకు నిక్.

ఆఖరి కచేరీ 2022 మార్చి 26న, లండన్‌లో. ఆ రాత్రి వాళ్లు వాయించిన చివరి పాట 'కార్పెట్ క్రాలర్స్'. గాబ్రియేల్‌తో చేసిన చివరి ఆల్బమ్‌లోని పాట అది. పాడింది కాలిన్స్. గాబ్రియేల్ వేదిక మీద లేడు. జనంలో ఎక్కడో ఒక సీట్లో కూర్చుని వింటున్నాడు.