పాత కంప్యూటరునకు గడియ

మా యింట 'విండోస్ 98' గల పాత కంప్యూటరొకటి నేఁటికిని పనిచేయుచున్నది. ఇంటి పద్దులు, పుట్టింటికి వ్రాయు నుత్తరములు దానియందే దాఁచుకొనుచుంటిమి. తెఱచునప్పుడు సంకేతపదము నడుగును గదా యని నిశ్చింతగా నుంటిమి. ఒకనాఁడు మా మేనల్లుఁడు, పదియేండ్లవాఁడు, 'ఎస్కేప్' మీట నొక్కి లోపలికిఁ బోయి, మేము మా యక్కగారికి వ్రాసిన యుత్తరమును పదిమందిలోఁ జదివెను. అందు మా తోడికోడలి ప్రసక్తి గలదు. ఆమెయు నచటనే యుండెను!

విచారింపఁగా, ఆ సంకేతపదము ఎవరి యమరికలు వారికిఁ జూపుటకును, నెట్‌వర్కు కొఱకును ఏర్పడినదే కాని తలుపునకు గడియ కాదని తెలిసినది.

కావున సోదరీమణులారా, గడియ నింకను ముందే వేయవలయును. యంత్రము మేల్కొనఁగానే 'డిలీట్' మీట, కొన్నింట 'ఎఫ్2', నొక్కినచో బయాస్ అను తొలి యమరికల పుట కానవచ్చును. అచట యంత్రము నడచుటకొకటి, ఆ పుటను మార్చుటకొకటి, రెండు సంకేతపదము లుంచవలయును. ఫ్లాపీనుండి, సీడీనుండి గాక హార్డుడిస్కునుండియే మొదలగునట్లు చేయవలయును.

అయినను మదర్‌బోర్డుపై బిళ్లవంటి బ్యాటరీ యొకటి గలదు. దానిని కొంతసేపు తీసియుంచినచో పెక్కు పాత యంత్రములలో నా సంకేతపదము చెఱగిపోవును. పెట్టెవెనుకఁ దాళపుఁ గన్నమున్నచో చిన్న తాళము వేయుట మేలు. డిస్కునే యూడఁదీసి వేఱొక యంత్రమునకుఁ దగిలించువారి నదియు నాపఁజాలదు. అందుచే మేమిప్పు డుత్తరములను ఫ్లాపీమీఁదనే వ్రాసి బీరువాలో నుంచుచున్నాము. పద్దులందు ఉప్పు, చింతపండే గదా, చదువువారు చదువుదురు గాక.

సంకేతపదమును కాగితముపై వ్రాసి తెర కంటించుట మాత్రము వలదు. మేమా పనియుఁ జేసితిమి.