ఇంటి పన్ను ఎవరు కట్టారు?

2020 దీపావళి. అంతకు ముందు నెల వరదనీళ్లు వదిలిన మరక కొత్తపేట వెనక మా కాలనీ గోడల మీద ఇంకా మోకాలెత్తున ఉంది. టీవీ చూస్తున్న మా ఆయన వంటింట్లో ఉన్న నన్ను కేకేశారు, ఇంటి పన్ను సగం తగ్గించారట అని. చేతులు తుడుచుకుంటూ వచ్చి చూశాను. నిజమే. గ్రేటర్ హైదరాబాద్‌లో ఏడాదికి 15,000 రూపాయల లోపు పన్ను కట్టే నివాస గృహాల యజమానులకి 2020-21 సంవత్సరానికి 50 శాతం రాయితీ. ముందే కట్టేసినవాళ్లకి మరుసటి ఏడాది పన్నులో సర్దుతారు. మాది 5,200. అంటే 2,600 మిగిలింది.

ఇల్లు ఆయన పేరు మీద ఉంది. అప్పు కంతులు మాత్రం పదమూడేళ్లు నా జీతంలోంచి పోయాయి. ఇది మా ఇంటి గొడవ, ఇంకో వ్యాసంలో తేల్చుకుంటాను. ఇప్పటికి ఇంతే చెబుతాను. ఆ రాయితీ ఆయన పేరున వచ్చింది.

మర్నాడు పొద్దున్న కింది పోర్షన్‌లో కిరాయికి ఉండే అమ్మాయి మెట్లు కడుగుతూ అడిగింది. "పన్ను సగం తగ్గించిన్రట గద అక్కా. మనకేమన్న తగ్గుతదా?"

ఆ 'మనకు' అన్న మాట నాకింకా గుచ్చుకుంటోంది.

ఆమెది నల్లగొండ జిల్లా. దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక చీరల దుకాణంలో సేల్స్‌గర్ల్. పొద్దున పది నుంచి రాత్రి తొమ్మిది దాకా నిలబడే ఉద్యోగం. ఎనిమిదేళ్ల కూతురు, ఎక్కడున్నాడో తెలియని మొగుడు. మార్చిలో లాక్‌డౌన్ పెట్టగానే దుకాణం మూతపడింది. మళ్లీ తెరిచాక సగం మందినే, సగం జీతానికే పిలిచారు. అక్టోబర్‌లో ఆమె గదిలోకి నీళ్లొచ్చి బియ్యం, పరుపు, కూతురి పుస్తకాలు పోయాయి. పై అంతస్తులో ఉన్న నాకు పోయిందల్లా ఆ రాత్రి నిద్ర. ఆమె కిరాయి నెలకి 6,500.

"అది ఇంటి ఓనర్లకమ్మా" అన్నాను. "ఓహో" అని బకెట్ ఎత్తుకుని కిందికి వెళ్లిపోయింది.

ఆర్థిక వ్యవస్థ పడిపోయినప్పుడు ప్రభుత్వం పన్ను తగ్గిస్తే అది ఎవరికి చెందాలి? మన పత్రికల్లో ఈ ప్రశ్న సాధారణంగా రాదు. పన్నులంటే ఆడిటర్ల గొడవ అనుకుంటాం. బడ్జెట్ రోజు మన శ్లాబు ఏమైందో చూసుకుని పేజీ తిప్పేస్తాం. నేనూ అంతే. మెట్ల మీద ఆ మాట వినకపోతే ఇప్పుడూ అంతే.

ఇంటి పన్ను ఎలా కడతారో చూడండి. ఇంటి విస్తీర్ణాన్ని ఆ ప్రాంతంలో చదరపు అడుగుకి పలికే నెలసరి కిరాయితో గుణించి, దాంట్లోంచి ఏడాది కిరాయి విలువ తీసి, దాని మీద ఇంత శాతం అని వేస్తారు. అంటే ఆ పన్నుకి కొలబద్దే కిరాయి. మా కింది పోర్షన్ ఎంతకి పోతుందన్నదే మా పన్నుకి ఆధారం. ఆమె నెలనెలా ఇచ్చే డబ్బులోంచే మేం ఆ పన్ను కడుతున్నాం. 5,200 అంటే ఆమె ఇచ్చే ఒక్క నెల కిరాయి కూడా కాదు. మున్సిపాలిటీకి డబ్బు చేరవేసింది మేం, ఆ డబ్బు సంపాదించింది ఆమె. మాఫీ మాత్రం చేరవేసినవాడికి దక్కింది.

"పన్ను కట్టేవాళ్లకే పన్ను రాయితీ, ఇందులో అన్యాయమేముంది?" అనే పెద్దమనుషులు ప్రతి ఇంట్లోనూ ఉంటారు, మా ఇంట్లోనూ ఉన్నారు. నాకు న్యాయం కంటే ముందు లెక్కే తప్పుగా కనిపిస్తోంది. పన్ను కట్టడమంటే రసీదు మీద పేరుండటమా, జేబులోంచి డబ్బు పోవడమా? సబ్బుకి, చెప్పులకి, సెల్‌ఫోన్ రీచార్జికి ఆ అమ్మాయి జీఎస్టీ కడుతుంది. ఆ పన్ను మొదలైన 2017 జూలై నుంచి ఏడాది పాటు ఆమె ప్రతి నెలా శానిటరీ ప్యాడ్ల మీద 12 శాతం కట్టింది. దేశమంతా ఆడవాళ్లు గొడవ చేస్తేగానీ 2018 జూలైలో దాన్ని తీసెయ్యలేదు. ఇన్ని కట్టే మనిషిని "పన్ను కట్టని వర్గం" అని పిలవడానికి చాలా ధైర్యం కావాలి.

ఆ దీపావళి కానుక లెక్క కూడా చూద్దాం. ప్రభుత్వం చెప్పిన ప్రకారం గ్రేటర్‌లో 13.72 లక్షల ఇళ్లకి 196.48 కోట్ల లబ్ధి. సగటున ఇంటికి 1,430 రూపాయల చిల్లర. కానీ ఆ సగటు అబద్ధమాడుతుంది. ఏడాదికి 15,000 కట్టే ఇంటివాడికి 7,500 మిగులుతుంది. ఏడాదికి 1,200 లోపు పన్ను పడే చిన్న ఇళ్లకి అంతకు ముందే పన్నును 101 రూపాయలకి కుదించారు, అది మంచి పనే. ఇప్పుడా 101లో సగమంటే యాభై రూపాయల యాభై పైసలు. సరూర్‌నగర్ చెరువు కింద, వరదలో నిండా మునిగిన బస్తీలో రేకుల ఇల్లున్న ముసలమ్మకి యాభై రూపాయలు, నీళ్లు చూడని కాలనీలో రెండంతస్తుల మేడకి ఏడున్నర వేలు. కిరాయిదారుకి సున్నా. నష్టం ఎంత ఎక్కువైతే సాయం అంత తక్కువ. ఇలా తిరగేసి పంచాలని ఎవరూ కూర్చుని ఆలోచించి ఉండరు. కాగితం మీద పేరున్నవాళ్లకి ఇద్దామనుకుంటే చాలు, దానంతటదే ఇలా తయారవుతుంది.

ఆ ప్రకటనలో సరైన మాట ఒకటుంది, అది చెప్పకపోతే నాది పక్షపాతమవుతుంది. పారిశుధ్య కార్మికుల నెల వేతనం 14,500 నుంచి 17,500కి పెంచారు. తెల్లవారుజామున ఎల్.బి.నగర్ రింగురోడ్డు మీద చీపురు పట్టుకుని కనిపించేవాళ్లలో ఎక్కువమంది ఆడవాళ్లే. ఆ పెంపు దక్కాలంటే వాళ్లకి సొంత ఇల్లుండాలని ఎవరూ అడగలేదు.

అంతకు ముందు కిరాయిదారుల కోసమూ ఒకటి చేశారు కదా అనొచ్చు. 2020 ఏప్రిల్‌లో ప్రభుత్వం ఉత్తర్వు ఇచ్చింది. మార్చి నుంచి మూడు నెలలు కిరాయి వసూలు చెయ్యొద్దు, ఆ తర్వాత వడ్డీ లేకుండా వాయిదాల్లో తీసుకోండి అని. పదాలు గమనించండి. యజమానికి మాఫీ, కిరాయిదారుకి వాయిదా. మాఫీ అయిన డబ్బు మళ్లీ కట్టక్కర్లేదు. వాయిదా పడిన డబ్బు నెత్తిమీద కూర్చుంటుంది. నేను ఆ ఉత్తర్వుని అక్షరాలా పాటించాను. మూడు నెలలు అడగలేదు. ఆగస్టు నుంచి నెలకి 1,500 చొప్పున పాత బాకీ వసూలు చేశాను. చాలా మర్యాదగా, వడ్డీ లేకుండా. డైరీలో రాసుకున్నాను కూడా. ఆ డైరీ తిరగేస్తే నవంబర్ పేజీలో రెండు అంకెలు పక్కపక్కనే ఉన్నాయి. ఆమె ఇచ్చిన 1,500, మాకు మిగిలిన 2,600.

ఆ ఏడాదే కేంద్రం జన్‌ధన్ ఖాతాలున్న మహిళలకి నెలకి 500 చొప్పున మూడు నెలలు వేసింది. రాష్ట్రం తెల్ల కార్డున్న కుటుంబాలకి 1,500 రూపాయలూ మనిషికి 12 కిలోల బియ్యమూ ఇచ్చింది. చిన్న మొత్తాలే, కానీ గురి సరైనది. అక్టోబర్ వచ్చేసరికి కేంద్రం గురి మారింది. ఉద్యోగులకి ప్రయాణ భత్యం మీద పన్ను మినహాయింపన్నారు. షరతేమిటంటే ఛార్జీకి మూడింతలు ఖర్చుపెట్టాలి, 12 శాతం, ఆపైన జీఎస్టీ ఉన్న సరుకే కొనాలి, జీఎస్టీ నంబరున్న దుకాణంలోనే కొనాలి, డబ్బు డిజిటల్‌గానే చెల్లించాలి. దిల్‌సుఖ్‌నగర్ ఫుట్‌పాత్ మీద గాజులూ పిన్నులూ అమ్మే మనిషి దగ్గర కొంటే లెక్కలోకి రాదు. మాంద్యంలో గిరాకీ పెంచడానికి తెచ్చిన పథకం మాంద్యంలో అందరికంటే ముందు కుదేలైన మనిషిని గీత గీసి బయట నిలబెట్టింది. నా తోటి లెక్చరర్ ఒకామె ఆ పథకం కింద పెద్ద ఫ్రిజ్ కొంది. ఆమెని తప్పుపట్టను. నాకు అవసరముంటే నేనూ కొనేదాన్నే.

ఇక మన గురించి. 2000 బడ్జెట్‌లో మహిళలకి ప్రత్యేకంగా 5,000 రూపాయల ఆదాయపు పన్ను రిబేటు ఇచ్చారు. 2005లో దాన్ని తీసేసి మగవాళ్లకి లక్ష, మనకి 1,35,000 అని పరిమితి పెంచారు. ఆ తేడా తగ్గుతూ తగ్గుతూ 2012లో మాయమైంది. అప్పుడు స్టాఫ్‌రూమ్‌లో ఎంత మండిపడ్డామో గుర్తుంది. స్త్రీల శ్రమకి గుర్తింపు లేకుండా చేశారని నేను ఆవేశంగా మాట్లాడాను కూడా. ఇప్పుడు ఆలోచిస్తే ఆ కోపంలో ఒక సగమే నిజం. స్త్రీ పేరుతో వచ్చిన ఆ రాయితీ పన్ను పరిధిలోకి వచ్చేంత జీతమున్న స్త్రీకే అందింది. మా స్టాఫ్‌రూమ్ ఊడ్చే ఆయమ్మకి ఆ పన్నెండేళ్లలో ఒక్క రూపాయి రాలేదు. రాలేదన్న సంగతి మాకు తట్టను కూడా లేదు. 2025 బడ్జెట్‌లో కొత్త పన్ను విధానం కింద 12 లక్షల ఆదాయం దాకా రిబేటు ఇస్తే మన వాళ్లంతా సంతోషించారు. దానివల్ల ప్రభుత్వం వదులుకునేది దాదాపు లక్ష కోట్లు. అంత పెద్ద సంతోషంలో చీరల దుకాణం సేల్స్‌గర్ల్‌కి చోటు లేదు. ఆమెకి వదులుకోవడానికి ఆదాయపు పన్నే లేదు కదా.

ఢిల్లీలోలాగా ఇల్లు ఆడవాళ్ల పేరు మీద ఉంటే ఇంటి పన్నులో 30 శాతం తగ్గించాలని మిత్రులు కొందరు అంటారు. ఒప్పుకుంటాను, మా ఇంట్లోనూ పనికొస్తుంది. కానీ దానితో మెట్ల పైనున్న ఆడదానికే ఏదో దక్కుతుంది. మెట్లు కడిగే ఆడదానికి దక్కదు. స్త్రీవాదులుగా మనం అడగాల్సింది ఆస్తి కాగితం మీద స్త్రీ పేరు ఒక్కటే అయితే, ఆస్తి లేని స్త్రీలని మనమే గేటు బయట పెట్టినట్టు.

కిరాయిదారుల లెక్క ప్రభుత్వం దగ్గర ఉండదు, ఎలా ఇస్తారన్నది చివరి అడ్డంకి. దిల్‌సుఖ్‌నగర్ హాస్టళ్లలో, చైతన్యపురి పోర్షన్లలో ఎవరు ఎప్పుడు వస్తారో, ఎప్పుడు ఖాళీ చేస్తారో ఎవరికి తెలుసంటారు. 2020లో ఈ వాదన కొంత చెల్లింది. ఇప్పుడు చెల్లదు. 2024లో గృహజ్యోతి కింద 200 యూనిట్ల లోపు కరెంటు ఉచితం చేసినప్పుడు తెల్ల కార్డున్న కిరాయి కుటుంబాలకీ వర్తింపజేశారు. మీటరు యజమాని పేరు మీదున్నా జీరో బిల్లు కిరాయిదారుకి వస్తుంది. అంతకు ముందు, 2023 డిసెంబర్ 9 నుంచి, ఆడవాళ్లకి ఆర్టీసీ బస్సు ఉచితం. ఎల్.బి.నగర్‌లో బస్సెక్కే స్త్రీని కండక్టర్ ఆధార్ చూపించమంటాడు గానీ ఇంటి పన్ను రసీదు అడగడు. అంటే ఇవ్వాలనుకుంటే దారి దొరుకుతుంది. ఈ పథకాల మీద నాకు వేరే ఫిర్యాదులున్నా, ఆ ఒక్క విషయంలో సందేహం లేదు.

కాబట్టి నేననేది ఇది. మళ్లీ అలాంటి కష్టకాలం వచ్చి ఇంటి పన్ను తగ్గిస్తే, సొంతంగా ఉండే చిన్న ఇంటికి పూర్తిగా తగ్గించండి. కిరాయికిచ్చిన ఇంటికి, ఆ మేరకు కిరాయి తగ్గించినట్టు కిరాయిదారు సంతకం ఉంటేనే తగ్గించండి, లేదా ఆ డబ్బు నేరుగా ఆమె ఖాతాలో వేయండి. శాతం లెక్కన వద్దు, ఇంటికింత అని ఒకే మొత్తం. 196 కోట్లని అలా పంచి ఉంటే పై అంతస్తులో ఉన్న నాకు బహుశా ఏమీ వచ్చేది కాదు. నా జీతం ఆ ఏడాది ఒక్క నెల కూడా ఆగిపోలేదు. నాకెందుకు రావాలి?

యజమానులు సంతకం బలవంతంగా పెట్టించుకుంటారు, లేదా మరుసటి నెల కిరాయి పెంచేస్తారు అంటారా? పెంచేవాళ్లుంటారు. నేను అలాంటిదాన్ని కానని ఆ రోజుల్లో గట్టిగా నమ్మేదాన్ని. కానీ ఎవరూ సంతకం అడగలేదు కాబట్టి నేనూ తగ్గించలేదు. చట్టం అడగని మంచితనం నా దగ్గర ఎంత ఉందో ఆ నవంబర్‌లో తెలిసింది. మనలో చాలామందికి కింద ఒక పోర్షనో, పక్కన ఒక గదో ఉంది. ఆ ఏడాది మిగిలిన పన్ను డబ్బు ఏం చేశారో ఒకసారి గుర్తుచేసుకోండి.

ఆమె 2021 సంక్రాంతికి గది ఖాళీ చేసి ఊరికి పోయింది. పోయే ముందు పాత బాకీలో ఆఖరి వాయిదా తెచ్చి నా చేతిలో పెట్టింది. లెక్క సరిపోయిందా అక్కా, ఒకసారి చూసుకో అంది. నేను డైరీ తీసి చూసి, సరిపోయిందన్నాను.