అయిదు బటన్లు, ఒకే కవిత

పోయిన సెమిస్టర్ పైథాన్ ల్యాబ్ వైవాలో సార్ "లాంబ్డా అంటే ఏంటి?" అని అడిగారు. "పేరు లేని ఫంక్షన్ సార్, ఒక్క లైన్‌లో రాస్తాం" అన్నాను. పూర్తి మార్కులు పడ్డాయి. పది రోజులు తిరక్కుండానే, లాంబ్డా గురించి నాకేమీ తెలీదని తేలిపోయింది.

మన క్లబ్ కవితల పోటీకి ఓటింగ్ ప్రోగ్రాం రాసే పని నా మీద పడింది. అయిదు కవితలు, టీకింటర్‌లో అయిదు బటన్లు. అయిదుసార్లు ఏం రాస్తాంలే అని ఫర్ లూప్ పెట్టి, ప్రతి బటన్‌కీ ఒక లాంబ్డా తగిలించాను. ఒక్క ఎర్రర్ కూడా రాలేదు. కానీ ట్రయల్‌కి కూర్చున్న జూనియర్ ఏ బటన్ నొక్కినా ఓటు అయిదో కవితకే పడుతోంది. "అన్నా, అయిదోది నువ్వు రాసిందేనా?" అన్నాడు.

తప్పు ఎక్కడుందో తెలియాలంటే ముందు ఒక సంగతి చూడాలి. ఫంక్షన్ పేరు పక్కన బ్రాకెట్లు పెడితే పని అప్పుడే జరిగిపోతుంది, ఫలితం చేతికొస్తుంది. బ్రాకెట్లు లేకుండా పేరు మాత్రమే ఇస్తే పనే చేతికొస్తుంది. అమ్మ క్యారియర్‌లో పంపిన పప్పు వేరు, ఫోన్‌లో చెప్పిన పప్పు చేసే విధానం వేరు కదా! బటన్‌కి కావలసింది రెండోది. ఎప్పుడు నొక్కితే అప్పుడు వండుకోవాలి.

ఇది మనకి కొత్తేం కాదు. సీలో క్యూసార్ట్‌కి పోల్చే ఫంక్షన్‌ని పాయింటర్‌గా ఇస్తాం. సార్ట్ చెయ్యడం దానికి తెలుసు. ఏది ముందో ఏది వెనకో మనం చెప్పాలి. అసలు లాంబ్డా అన్న మాట కంప్యూటర్ల కన్నా పాతది. అలొంజో చర్చ్ 1930లలో గణితం కోసం లాంబ్డా కాల్కులస్ తయారుచేశాడు. అది లిస్ప్‌లోకి వచ్చింది, సీ ప్లస్ ప్లస్‌లోకి 2011లో, జావాలోకి 2014లో చేరింది.

మరి నా బటన్లకేమైంది? అమ్మ "డబ్బాలో ఉన్న కారం రెండు చెంచాలు వెయ్యి" అంది. చెప్పిన రోజు డబ్బాలో ఉన్న కారం కాదు, వండే రోజు ఏది ఉంటే అదే పడుతుంది. నా లాంబ్డా లోపల రాసిన 'ఐ' కూడా అంతే. అది విలువని దాచుకోలేదు, పేరుని గుర్తుపెట్టుకుంది. బటన్ నొక్కేసరికి లూప్ ఎప్పుడో అయిపోయింది. ఐలో చివరి కవిత మిగిలింది. అయిదుగురూ ఒకే డబ్బాలో చెయ్యి పెట్టారు. లాంబ్డాకి ఐని డిఫాల్ట్ ఆర్గ్యుమెంట్‌గా ఇస్తే సరిపోయింది. డిఫాల్ట్ విలువ లాంబ్డా తయారైనప్పుడే ఖాయమైపోతుంది కాబట్టి ఎవరి కారం వాళ్ళ పొట్లంలో ఉంటుంది.

గమనించండి, ఇందులో పేరు లేకపోవడం వల్ల వచ్చిన ఇబ్బంది ఏమీ లేదు. లూప్‌లో డెఫ్ పెట్టి, పేరుతో రాసినా ఇదే జరిగేది. అంటే వైవాలో నాకు మార్కులు తెచ్చిన జవాబు అసలు విషయాన్ని తాకనే లేదు.

"ఈ గొడవంతా ఎందుకు, లాంబ్డా మానెయ్" అనే సీనియర్లున్నారు. వాళ్ళ మాటలో సగం నిజం. పొడుగాటి లాంబ్డా చదవడం నరకం. ఎర్రర్ వచ్చినప్పుడు ఏ లాంబ్డా అన్నది పేరు చూసి కనుక్కోలేం. పైథాన్‌ని సృష్టించిన గైడో వాన్ రోసమ్ కూడా 2005లో, పైథాన్ 3 నుంచి దాన్ని తీసేద్దామన్నాడు. చివరికి ఉండిపోయింది. రెండోసారి అవసరమయ్యే పనికి పేరు పెట్టడమే మర్యాద. అయితే పేరు పెట్టినంత మాత్రాన ఫంక్షన్‌ని విలువగా చూడటం రాదు. అది విడిగా నేర్చుకోవాల్సిందే.

అందుకే నా మాట: "లాంబ్డా అంటే ఏంటి" అన్న ప్రశ్న మానేసి, ఆ అయిదు బటన్ల ప్రోగ్రాం ఇచ్చి "ఎందుకిలా అవుతోంది?" అని అడగాలి. జవాబు తెలుగులో చెప్పినా మార్కులివ్వాలి. బట్టీ పట్టిన ఇంగ్లీష్ డెఫినిషన్ వెనక దాక్కోవడం తేలిక. మన మాటల్లో చెప్పాలంటే అర్థమై ఉండాలి.

పోటీలో రెండో కవిత గెలిచింది. అయిదో కవితకి పడినవి మూడే ఓట్లు. ఆ జూనియర్ నాలుగు బటన్లు నొక్కి చూడకపోతే బహుమతి దానికే ఇచ్చేసేవాళ్ళం.