బిగిసిన నట్టుతో పోట్లాడొద్దు

ఈ నెల మన పిల్లోళ్ళ బండ్ల గురించి రాస్తా ఉన్నా.

మా వీధిలో ఒక పిల్లోడు హోసూరు కంపెనీకి పోతాడు. వాడి బండి క్లచ్ జారతా ఉండె. యాక్సిలేటర్ తిప్పితే ఇంజన్ అరస్తాది గానీ బండి ముందుకు పోదు. ఆదివారం పూట వాడే స్పానర్ పట్టుకుని కూర్చున్నాడు. క్లచ్ వైరు కింద కొసన, ఇంజన్ పక్కన, అడ్జస్టర్‌కి ఒక లాక్ నట్టు ఉంటాది కదా, అది కదల్లేదు. కటింగ్ ప్లేర్‌తో పట్టి తిప్పినాడు, నట్టు మూలలు అరిగి గుండ్రమైపోయె. ఇంక స్పానర్‌కి పైపు తగిలించి, దాని మీద కాలు పెట్టబోతా ఉండె. "ఒరే నాయినా, ఆపు" అని అరిచినా.

నేనెందుకు అరిచినానంటే, మిల్లులో ఉండగా నేనూ అదే పని చేసినా. నట్టు రాలేదు గానీ, వైరు పట్టుకునే అల్యూమినియం చెవి పుటుక్కున విరిగె. పది నిమిషాల కోపానికి ఇంజన్ కవరే మార్చాల్సొచ్చె. ఆ నెల చీటీ కట్టలేక మా ఇంటామె పక్కింట్లో చెయ్యి చాపింది. ఆ సిగ్గు ఇంకా పోలేదు.

ఈ బండి నట్టు ఎందుకు బిగిసిందో అడగాలా? 2024 డిసెంబరు మొదట్లో ఫెంజల్ తుపానుకి మన ఊత్తంగరైలో ఒక్క రోజులో దాదాపు 50 సెంటీమీటర్ల వాన పడె. రోడ్డు పక్కన నిలిపిన బండ్లు కొట్టుకుపోయింది అందరం చూసినాం. ఈ బండీ ఆ నీళ్ళలో మునిగిందే. ఇంజన్ కడిగించినారు, ఆయిల్ మార్చినారు, ఈ చిన్న నట్టుని ఎవరూ పట్టించుకోలేదు. తుప్పు మరల్లో కూర్చుని సిమెంటు మాదిరి పట్టుకునింది.

మిల్లులో రింగ్ ఫ్రేమ్ నట్లు బిగిస్తే మా ఫిట్టర్ మేస్త్రి చెప్పేవాడు: "బలం కాదురా, టైము ఇయ్యి." ఆయన చెప్పిన మాదిరే చేసినాం.

ముందు వైరు బ్రష్షుతో మట్టి, తుప్పు గీకేసినాం. మరలోకి తుప్పు వదిలే స్ప్రే కొట్టినాం. అది లేకుంటే కిరసనాయిలో డీజిలో పోయొచ్చు. చిన్న సుత్తితో నట్టు చుట్టూ మెల్లగా తట్టినాం. ఆ అదురుకి నూనె లోపలికి దిగుతాది. రాత్రంతా అట్లే వదిలేసినాం. వాడు ఆ పొద్దు షిఫ్టుకి బస్సులో పోయినాడు.

సాయంత్రం వచ్చినాక, అరిగిన నట్టు రెండు పక్కలా ఆకురాయితో చదును చేసి, ఒక సైజు చిన్న స్పానర్ గట్టిగా పట్టేట్టు చేసినాం. ఇంకో స్పానర్‌తో అడ్జస్టర్‌ని పట్టుకోవల్ల, లేకుంటే అదీ కలిసి తిరిగి వైరు మెలిపడతాది. మొదట విప్పే దిక్కుకి కాదు, బిగించే దిక్కుకి రవ్వంత కదిలించినాం. తుప్పు పట్టు అక్కడే తెగుతాది. తర్వాత కొంచెం విప్పడం, కొంచెం బిగించడం. నాలుగోసారికి కిర్రుమని వదిలింది. వాడి మొగంలో నవ్వు చూడాల్సింది!

అప్పటికీ రాకుంటే నట్టునే రంపంతో కోసేయండి. నట్టు కొన్ని రూపాయలే, కవరు వేలు.

అల్యూమినియం కవర్లోకి దిగిన ఇనుప బోల్టు బిగిస్తే ఇంకో ఉపాయం ఉండాది. కవరు మీద మరిగే నీళ్ళు పోయండి. వేడికి ఇనుము కంటే అల్యూమినియం దాదాపు రెండింతలు వ్యాకోచిస్తాది, పట్టు సడలుతాది. మంట మాత్రం పెట్టొద్దు. పైనే పెట్రోలు టాంకు ఉండాది, మరిచిపోవద్దు.

నట్టు వదిలినాక అసలు పని రెండు నిమిషాలే. క్లచ్ లివర్ కొసన 10 నుంచి 20 మిల్లీమీటర్ల ఆట ఉండల్ల, చాలా బండ్లకి ఇదే లెక్క. మీ బండి పుస్తకంలోనూ చూసుకోండి. ఆట లేకుంటే క్లచ్ సగం పట్టి జారి, ప్లేట్లు కాలిపోతాయి. ఎక్కువుంటే గేరు కష్టంగా పడతాది. సరిచేసి లాక్ నట్టు బిగించి, మరకి రవ్వంత గ్రీజు పుయ్యండి. ఆట సరిగ్గా పెట్టినా జారతా ఉంటే ప్లేట్లు అరిగినట్లే, మెకానిక్ దగ్గరికి పోవల్ల.

మా పిల్లోడి ప్లేట్లు బతికినాయి. ఇప్పుడు బండి మీదే పోతా ఉన్నాడు. వానాకాలం ముందు మీరూ ఒకసారి ఆ నట్టు విప్పి, గ్రీజు పెట్టి, మళ్ళీ బిగించండి. వచ్చే నెల కలుద్దాం.